మూడో ప్రాణం ఎప్పుడు పోయింది?

రూబెన్ హోల్ట్ యథాలాపంగా చెప్పిన ఒక్క మాట పట్టుకుని సైలస్ క్రౌడర్ ఒక ముసలావిడకు చితి పేరుస్తున్నాడు. హోల్ట్ కడుపుమంట అదీ.

క్రౌడర్ యార్క్ పట్నం మనిషి. దొంగల్ని పట్టి అప్పగించి తలకింత అని పుచ్చుకోవడం అతని వృత్తి. శనివారం సాయంత్రం ఊళ్ళో గుర్రం దిగాడు. సోమవారం మధ్యాహ్నానికల్లా పాదిరిగారి వంటింట్లో, పాదిరిగారి కుర్చీలో, పాదిరిగారి నశ్యం డబ్బీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి కాన్‌స్టేబులు హోల్ట్ మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జీతం భత్యం లేని కాన్‌స్టేబులు పని అది. ఏడాదికొక రైతు మెడకు చుట్టుకుంటుంది. కాదనడానికి వీల్లేదు. ఈ ఏడు హోల్ట్ వంతు వచ్చింది. వచ్చిన ఏడే పాదిరిగారు పోయారు.

"మళ్ళీ చెప్పు, రైతుబాబూ. శనివారం పొద్దున నువ్వేం చూశావు?" అన్నాడు క్రౌడర్.

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఈవిడ చెవికెక్కేదాకా."

ఈవిడంటే డోర్కస్ ఫెల్. అరవై మూడేళ్ళ మనిషి. ఆంబ్రోజ్ పికార్డ్ పాదిరికి ఇరవై ఆరేళ్ళు వండిపెట్టింది, బట్టలుతికింది, ఆయన దగ్గుకు కషాయాలు కాచింది. ఇప్పుడు తను రోజూ తోమే బల్ల ముందు, ముణికట్లకు తాడుతో, తలవంచుకుని ముక్కాలి పీట మీద కూర్చుంది.

"తొమ్మిది గంటలకు వచ్చాను," అన్నాడు హోల్ట్. "పాదిరిగారు బతికున్నట్టు ఆయన చేతిరాతతో చీటీ కావాలన్నాను. ఈమె పైకి వెళ్ళి తెచ్చిచ్చింది. బయటికొచ్చి తలెత్తి చూస్తే మేడ మీద కిటికీలో ఆయన ఉన్నారు. టోపీ తీసి దణ్ణం పెట్టాను."

"విన్నావా, ముసలమ్మా? శనివారం తొమ్మిదికి దొరబాబులా కిటికీలో కూర్చున్న మనిషి." క్రౌడర్ చిటికెడు నశ్యం పీల్చి తుమ్మాడు. "ఆదివారం ఒంటిగంటకు నువ్వు చర్చి గంట కొట్టించావు. పన్నెండింటికి పోయారన్నావు. ఒంటిగంటన్నరకి నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే కొయ్యబారి ఉంది. చెయ్యి కాదు, మనిషి మొత్తం. గంటన్నరలో అలా బిగుసుకుపోడు. పది పన్నెండు గంటలైనా పడుతుంది. అంటే శనివారం రాత్రే పోయాడు. దిండు మీద నెత్తురుంది. కాదంటావా?"

డోర్కస్ తాడు కింద ముణికట్టు తిప్పుకుంది.

"శనివారం సాయంత్రం ఆరింటికి నేను తలుపు తట్టాను. 'నిద్రపోతున్నారు, రేపు రండి' అన్నావు. రేపు పుస్తకం నా చేతికివ్వాల్సి వస్తుందని నీకు తెలుసు. ఆ రాత్రే దిండు పెట్టి నొక్కావు. పుస్తకం ఎవడికి అమ్మావు?"

"నేనేం అమ్మలేదు బాబూ."

"మరెక్కడుంది?"

డోర్కస్ బల్ల మీద రాలిన నశ్యం పొడి వంక చూసింది.

పుస్తకం అంటే తొమ్మిదో భాగం. పికార్డ్ పాదిరి ఇరవయ్యేళ్ళు ఈ ఊళ్ళో ప్రసంగాలు చెప్పి, నలభై ఆరో ఏట ఒక చలికాలం ఏమీ తోచక నవ్వులాట కథ ఒకటి రాశాడు. లండన్ ఊగిపోయింది. అక్కడివాళ్ళు ఆయన బొమ్మ గోడకు తగిలించుకున్నారు, బిషప్పులు తలుపులేసుకుని చదివి తలుపు తీసి తిట్టారు. భాగం వెనక భాగం వచ్చింది. మోసగాళ్ళు నకిలీ భాగాలు కూడా అచ్చేశారు. అప్పట్నుంచీ పాదిరి ఒక్కొక్క ప్రతి మొదటి పుటలో స్వయంగా సంతకం చేసి పంపడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఆ పుస్తకం చదివినవాళ్ళు నలుగురు లేరు. తను ఎన్నో భాగంలో ఉన్నాడో మాత్రం ప్రతివాడికీ తెలుసు. ఊరికి ప్రభువూ మేజిస్ట్రేటూ అయిన థార్న్‌బీ దొర నాలుగో భాగంలో బాతుల తగువుకు తీర్పు చెప్పే న్యాయాధిపతి. అచ్చువేసే ఆసామి తొమ్మిదో భాగానికి ముందే సొమ్ము చెల్లించాడు. దాన్ని తీసుకురమ్మనే క్రౌడర్‌ని పంపాడు.

నాలుగు గంటలకు దొర వస్తాడు. క్రౌడర్ చెప్పింది నిజమని ఆయన సంతకం పెడితే డోర్కస్‌ని యార్క్ జైలుకు తోలుతారు. యజమానిని చంపిన పనిమనిషి ఆడదైతే ఈ దేశపు చట్టం దాన్ని రాజద్రోహానికి చెల్లెలిగా లెక్కకడుతుంది. ఉరి కాదు. కొయ్యకు కట్టి కాల్చడం.

 ఆ శనివారం చీటీ హోల్ట్‌కి ఎందుకు కావలసి వచ్చిందో ఊరంతటికీ తెలుసు.

అతని పొలం మూడు ప్రాణాల కౌలు. తాతముత్తాతల నాటి పద్ధతి అది. కౌలుపత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు. ఆ ముగ్గురిలో ఒక్కడు బతికున్నంతకాలం పొలం రైతుది. ముగ్గురూ పోతే ఆ క్షణం నుంచీ దొరది. హోల్ట్ తండ్రి తన పేరు, పెద్దకొడుకు పేరు రాయించి, మూడోది అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర పాదిరిది రాయించాడు. పాదిరులు బాగా తింటారు, బరువు పని చెయ్యరు, నూరేళ్ళు బతుకుతారని ఆయన లెక్క. తండ్రి పోయాడు. అన్న పోయాడు. పాదిరి మాత్రం లండన్ వెళ్ళి పేరుతో పాటు క్షయ కూడా తెచ్చుకున్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా హోల్ట్ ఇంట్లో ముద్ద దిగేది కాదు. చివరికి కొత్త పేరు చేర్చుకోవడానికి దొర ఒప్పుకున్నాడు. శనివారం పన్నెండు గంటలకు దివాణంలో, పాదిరి బతికున్నట్టు చీటీ చూపించి, ఆరేళ్ళ కూతురు టాబితా పేరు రాయించాడు హోల్ట్.

శనివారం పన్నెండింటికి పాదిరి బతికుంటే పొలం హోల్ట్‌ది. కానీ అప్పటికి ఆయన బతికుంటే డోర్కస్‌కు తప్పించుకునే దారి లేదు.

"నేనూ రెండు ముక్కలు అడగొచ్చా?" అన్నాడు హోల్ట్.

"అడుగు. ఊరి కాన్‌స్టేబులువి. సరదా తీర్చుకో."

హోల్ట్ పీట దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "డోర్కసమ్మా, ఆదివారం నేను పైగదిలోకి వెళ్ళినప్పుడు కిటికీ తలుపు జానెడు తెరిచుంది. దగ్గుతో బాధపడే మనిషి గదిలో, ఈ చలిలో, కిటికీ ఎవరు తీశారు?"

"నేనే తీశాను నాయనా. ప్రాణం పోగానే తియ్యాలి కదా. లోపలే చిక్కుకుపోదూ?"

"ఎప్పుడు తీశావు?"

"పోగానే."

"కిటికీ గట్టు మీద, లోపలివైపు మంచు ఉంది," అన్నాడు హోల్ట్. ఆదివారం నుంచీ అతను దాచుకున్న మాట అది. "పొయ్యి లేని గది, అందుకే కరగలేదు. శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి మొదలై పదకొండింటికి ఆగిపోయింది మంచు. తరవాత ఒక్క రేకు పడలేదు. మరి ఆదివారం తీసిన కిటికీలోంచి శుక్రవారం మంచు ఎలా వచ్చింది?"

క్రౌడర్ నవ్వాడు. "చూరు మీదది గాలికి రాలింది. ఇంకేమన్నా ఉందా?"

నిజమే కావచ్చు. అలా రాలవచ్చు. హోల్ట్‌కి ఆ జవాబు ఎంత తియ్యగా వినిపించిందంటే తనమీద తనకే అసహ్యం వేసింది. అక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. లేవబోయాడు కూడా.

"రూబెనూ, నన్ను తీసుకుపోతే తేనెటీగల్ని నువ్వు చూస్తావా?" అంది డోర్కస్. "ఈ నెలంతా వాటికి తేనెనీళ్ళు పెట్టాలి. లేకపోతే చస్తాయి."

హోల్ట్ ఆగిపోయాడు. "యజమాని పోయిన సంగతి వాటికి చెప్పావా?"

ఈ ప్రాంతంలో ఇంటి యజమాని పోతే ముందు తేనెపట్టుల దగ్గరకు వెళ్ళి చెప్పాలి. ఒక్కొక్క గూటి మీద తాళంచెవితో మూడుసార్లు తట్టి, చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే ఈగలు అలిగి లేచిపోతాయి, లేదా లోపలే చస్తాయి. క్రౌడర్ లాంటి పట్నపువాళ్ళు నవ్వుతారు. తేనెతో బతికేవాళ్ళు నవ్వరు.

"చెప్పాను," అంది.

"ఎప్పుడు?"

డోర్కస్ మొహం తెల్లబోయింది. క్రౌడర్ ఇంతసేపు వేసిన ప్రశ్నలన్నిటికీ కదలని మొహం అది.

"ఎప్పుడు చెప్పావమ్మా?"

"అది మాత్రం అడక్కు నాయనా. మనుషులతో ఏదైనా అంటాను. ఈగల విషయంలో అబద్ధం చెప్పలేను."

హోల్ట్ లేచి పెరటి తలుపు తీశాడు.

"ఈగల్ని విచారించడానికి వెళ్తున్నావా?" వెనక నుంచి అరిచాడు క్రౌడర్. "ప్రమాణం చేయించు ముందు!"

* * *

చర్చి గడియారం మూడు కొట్టింది. ఎండ కాస్తోంది. మూడు రోజుల గడ్డకట్టిన చలి తరవాత చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. హోల్ట్ అడుగు వేగం పెంచాడు. ఇంకో గంటలో ఇక్కడ చూడ్డానికి ఏమీ మిగలదు.

పెరటి గోడ వారన బల్ల మీద ఆరు గూళ్ళు. గడ్డితో అల్లిన బుట్టలు బోర్లించినట్టు ఉంటాయి, ఒక్కొక్కదాని మీదా వాన పడకుండా గడ్డి గొడుగు. గొడుగుల మీద బెత్తెడు మంచు. శుక్రవారం పడిన మంచు ఆ రాత్రికే గట్టిపడి గాజుపెంకులా బిగిసి, గొడుగు అంచుల దగ్గర గూటికి అతుక్కుపోయింది.

హోల్ట్ ముట్టుకోకుండా ఒక్కొక్కటీ చూస్తూ నడిచాడు.

మొదటి గూడు. గొడుగు కింద నుంచి నల్లగుడ్డ కొస బెత్తెడు వేలాడుతోంది. పాదిరిగారి పాత అంగీ చింపిన పేలిక. ఆ కొస మీద కూడా మంచు గడ్డకట్టి, పైనున్న పెంకుతో ఒకటైపోయింది. పెంకు ఎక్కడా పగల్లేదు. రెండోది అంతే. మూడు, నాలుగు, అయిదు అంతే.

ఆరో గూటికి పేలిక లేదు. అది కిందటేడు వానల్లో చచ్చిన గూడు, చెప్పడానికి లోపల ఎవరూ లేరు. కానీ దాని మీద పెంకు మాత్రం పగిలిపోయింది. ముక్కలు బల్ల మీద పడున్నాయి.

హోల్ట్ మొదటి గూటి దగ్గరకు తిరిగొచ్చి, కత్తి మొనతో పెంకు కోసి, గొడుగు పైకెత్తాడు. ముడి కనిపించింది. వేలితో తడిమాడు. గుడ్డ ఎండిన ఆకులా గరగరలాడింది. గొడుగు కింద, గూటి నెత్తిన, మంచు రేకు ఒక్కటి లేదు.

అంటే గొడుగు ఎత్తి, ముడి వేసి, మళ్ళీ గొడుగు దించినప్పటికి ఇంకా మంచు మొదలవలేదు. శుక్రవారం అయిదింటికి ముందే. ఆ తరవాత ఎవరూ దీన్ని కదపలేదు.

బతికున్న యజమాని పోయాడని ఈ ఊళ్ళో ఎవరూ ఈగలతో చెప్పరు. అంతకంటే అపశకునం ఇంకోటి లేదు. కాబట్టి శుక్రవారం తెల్లవారేసరికి ఆంబ్రోజ్ పికార్డ్ లేడు. గురువారం రాత్రే వెళ్ళిపోయాడు. శనివారం కిటికీలో హోల్ట్ దణ్ణం పెట్టింది, ఆదివారం ఆ గదిలో కనిపించిన కర్ర స్టాండు మీది విగ్గుకి, కుర్చీకి తగిలించిన నల్ల అంగీకి.

మొహం చూశావా అని క్రౌడర్ ఒక్కసారి కూడా అడగలేదు. హోల్ట్ తనని తను కూడా అడగలేదు.

 పెరడు చుట్టూ నిలువెత్తు రాతిగోడ. వెనక వంటింటి తలుపు, దానవతల క్రౌడర్. చూరు నుంచి బొట్టు వెంట బొట్టు. తను ఏమీ చెయ్యకపోతే చాలు. చేతులు కట్టుకుని నిలబడితే చాలు. నాలుగు కొట్టేసరికి పెంకులన్నీ కరిగి నీళ్ళవుతాయి. ఎవరూ తనని అబద్ధం చెప్పమనడం లేదు. నోరు మూసుకోమని కూడా అనడం లేదు. ఎండే ఆ పని చేసిపెడుతుంది.

ఆరో గూడు మిగిలింది. దాన్ని ఎవరో శుక్రవారం తరవాత ఎత్తారు. ఎందుకెత్తారో హోల్ట్ ఊహించాడు. గొడుగు తీసి, బుట్ట తిరగేశాడు.

మైనపు గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట. జానెడు మందం.

తొమ్మిదేళ్ళకే బడి మానినవాడు హోల్ట్. అక్షరాలు అతనికి ఇప్పటికీ ఒక్కొక్కటిగానే దొరుకుతాయి. అందుకే మొదటి నుంచి కాకుండా ఆఖరి కాగితం పైకి తీశాడు. గోధుమరంగు నశ్యం పొడి రాలింది. పైన గురువారం, రాత్రి పది గంటలు అని ఉంది. అక్షరాలు వణికాయి గానీ ఆయనవే. వేలు కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

'ఈ ఊరు ఇరవై ఆరేళ్ళుగా నా చావు కోరుతోంది. థార్న్‌బీ దొరయితే నా దగ్గులు లెక్కపెట్టడానికి ఒక మనిషిని పెట్టాడని వినికిడి. లెక్కలు రానివాడు కనుక అతనికి మనిషి కావలసి వచ్చింది. ఇన్నాళ్ళకు ఒక్కడు, రూబెన్ హోల్ట్, నేను బతకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాడు. అది కూడా శనివారం మధ్యాహ్నం పన్నెండు వరకు మాత్రమే. నా ప్రసంగాలు విన్నవారిలో ఇంత చిత్తశుద్ధి నేనెప్పుడూ చూడలేదు. ఈ రాత్రి దాటేలా లేను. కాబట్టి డోర్కస్‌కి చెప్పాను: శనివారం తేదీ వేసి చీటీ రాసిచ్చాను, అతను వస్తే ఇవ్వు. నా విగ్గుని కిటికీలో కూర్చోబెట్టు. ఈ ఊరు ఎప్పుడూ దణ్ణం పెట్టింది దానికే, తేడా తెలియదు. ఆదివారం వరకు నన్ను చావనివ్వకు. బతికుండగా ఎవరికీ ఉపయోగపడని పాదిరి చచ్చాక రెండు రోజులు ఉద్యోగం చేశాడని పుస్తకం చివర రాసుకుంటాను.'

కింద, ప్రతి పుస్తకం మొదటి పుటలో పెట్టే సంతకం.

హోల్ట్ రెండోసారి చదవలేదు. కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"దొరికిందన్నమాట," అన్నాడు క్రౌడర్.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలియదు. బల్ల దగ్గరకొచ్చి కట్టని చంకలో పెట్టుకున్నాడు. హోల్ట్ అడ్డం చెప్పలేదు.

"లోపల పెట్టుకున్నదేమిటి?"

"నా చేతిరుమాలు."

"చేతిరుమాలు చదువుతూ పెదాలు కదిపేవాణ్ణి ఇప్పుడే చూశాను." క్రౌడర్ గూళ్ళ వంక చూశాడు. కోసిన పెంకు, ఎండిన ముడి, వేలాడే పేలికలు. తెలివైనవాడు. లెక్క కట్టడానికి అతనికి నాలుగు క్షణాలు చాలాయి. "ఓహో. శుక్రవారం మంచు. అయితే ముసలాడు గురువారమే..." ఈల వేశాడు. "మరి నీ కౌలు శనివారం గదా! నిన్న సారాకొట్లో దివాణం గుమస్తా చెప్పాడు. పాపం, రైతుబాబూ."

"ఆమె చంపలేదు. నీకూ తెలిసిందిప్పుడు."

"నాకేం తెలుసు? నాకు తెలిసింది ఊరి కాన్‌స్టేబులు సాక్ష్యం. శనివారం కిటికీలో పాదిరిని కళ్ళారా చూశానన్నాడు. నేను ఆ మాటనే నమ్ముకున్నాను." దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు, హోల్ట్. నాకు పుస్తకం దొరికింది. ఆమెకు శిక్ష పడితే దొంగను పట్టిచ్చినందుకు ఇంకొంచెం దొరుకుతుంది. నీకు పొలం దొరుకుతుంది. ఆ కాగితం పొయ్యిలో వెయ్యి. ఇందులో నష్టపోయేది ఒక్క వంటమనిషి. ఈ చలికాలమో వచ్చే చలికాలమో ఎలాగూ పోయేదే."

"నిప్పంటుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

"నీకు తెలుసా, పిల్లని చంకనేసుకుని కూలికెళ్ళడం ఎలా ఉంటుందో?"

హోల్ట్ కాగితం బయటికి తియ్యలేదు. క్రౌడర్ తలాడించి, బూటు కాలు ఎత్తి బల్లని ఒక్క తన్ను తన్నాడు. అయిదు గూళ్ళు బురదలో దొర్లాయి. పెంకులు పగిలి చెల్లాచెదురయ్యాయి. నల్లపేలికలు నీళ్ళలో నానాయి. చలికి మొద్దుబారిన ఈగలు గుప్పెడు బయటికొచ్చి నేలమీద పాకాయి. ఒకటి మాత్రం సత్తువ కూడదీసుకుని క్రౌడర్ చొక్కా చేతిలో దూరింది.

"అబ్బా! దీని... "

"ప్రమాణం చేయించావా?" అన్నాడు హోల్ట్.

క్రౌడర్ ముణికట్టు నోట్లో పెట్టుకుని కసిగా చూశాడు. "నవ్వుకో. ఇప్పుడు నీ దగ్గరున్నది ఒక్క కాగితం, ఒక్క నోరు. రెండూ నీవే. ఏం చేసుకుంటావో చేసుకో. పదిహేను నిమిషాలుంది."

* * *

క్రౌడర్ కట్టని గుర్రం సంచిలో భద్రం చెయ్యడానికి వీధిలోకి వెళ్ళాడు. హోల్ట్ దొర్లిన గూళ్ళన్నీ ఎత్తి నిలబెట్టి, చేతులు బురదతోనే వంటింట్లోకి వచ్చాడు. డోర్కస్ చప్పుడు వినే ఉంది.

"పడిపోయాయా?"

"నిలబెట్టాను. రెండు బాగానే ఉన్నాయి." పీట ముందు కూలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదమ్మా? రెండు రోజులుగా ఆ వెధవ నోటికొచ్చినట్టు వాగుతుంటే, ఒక్క ముక్క, గురువారం పోయారని ఒక్క ముక్క అంటే అయిపోయేది కదా!"

"నీ పొలం పోయేది కదా."

"నా పొలం సంగతి నేను నిన్నడిగానా?"

"నువ్వడగలేదు. ఆయనడిగారు." డోర్కస్ కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు తాడున్నందున భుజానికి రాసుకుంది. "గురువారం పదకొండున్నరకి నెత్తురు కక్కారు. ఒక దిండు తడిసిపోయింది. మధ్యలో నవ్వుతూనే ఉన్నారు. 'డోర్కస్, ఆ రూబెన్ నా మొహంలోకి చూసే చూపు చూశావా? ఆవు ఈనబోతుంటే చూసే చూపు' అన్నారు. మాట తీసుకున్నారు. ఇచ్చాను. ఈ క్రౌడర్ అనేవాడొకడు ఊడిపడతాడని ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు?"

"పుస్తకం ఎందుకు దాచావు?"

"శనివారం సాయంత్రం ఆ మనిషి తలుపు తట్టాక, ఊరికే చూద్దామని ఆఖరి కాగితం తిప్పాను. అందులో నీ పేరుంది. చించేద్దామంటే ఆయన రాసింది చించడానికి చెయ్యి రాలేదు. ఎవరూ చూడని చోట పెట్టాను." ముందుకు వంగింది. "నీ దగ్గరుంది కదూ అది? పొయ్యి మండుతూనే ఉంది. వేసెయ్యి."

"నీకు మతిపోయిందా?"

"నాకు అరవై మూడు. నీ టాబితాకి ఆరు. తల్లి లేని పిల్ల. నేనేం చిన్నపిల్లనా, భయపడ్డానికి?" ఆ మాట అంటుంటేనే ఆమె కింద పీట కాళ్ళు నేలమీద టకటకలాడాయి.

హోల్ట్ ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. పొయ్యి మూడడుగుల దూరంలో ఉంది. చొక్కాలో కాగితం చర్మానికి అంటుకుపోయింది. వెయ్యమంటున్నది ఎవరో కాదు, కాలబోయే మనిషే. ఇంతకంటే అనుమతి ఇంకెవరిస్తారు? చెయ్యి చొక్కాలోకి వెళ్ళింది. వేళ్ళకు కాగితం తగిలింది.

వీధిలో గుర్రపు బండి ఆగింది. గడియారం నాలుగు కొట్టింది.

* * *

థార్న్‌బీ దొర చేతితొడుగులు కూడా తియ్యలేదు. వెంట వచ్చిన గుమస్తా బల్ల మీద కాగితం, కలం సర్దాడు. క్రౌడర్ చేతులు వెనక్కి కట్టుకుని, మొత్తం కథ నాలుగు ముక్కల్లో ఒప్పజెప్పాడు. శనివారం తొమ్మిది, శనివారం ఆరు, ఆదివారం ఒంటిగంటన్నర. ప్రతి గంటా మేకులా దిగింది.

"కాన్‌స్టేబులు, నువ్వు శనివారం పాదిరిని సజీవంగా చూశావు. అంతేనా?" అన్నాడు దొర.

"చూడలేదు దొరా."

గుమస్తా కలం ఆగింది.

"విగ్గు చూశాను. అంగీ చూశాను. మొహం చూడలేదు. పాదిరిగారు గురువారం రాత్రి పదకొండున్నరకి పోయారు. జబ్బుతో పోయారు. ఆదివారం మధ్యాహ్నం మనిషి బిగుసుకుని ఉన్నాడంటే చలిగదిలో, కిటికీ తెరిచి ఉంచడం వల్ల. ఈ చలికి చచ్చిన నా గొర్రెలు మూడేసి రోజులు అలాగే ఉంటాయి."

"దొరవారూ, ఇతను ముసలమ్మ పక్షం," అన్నాడు క్రౌడర్. "ఆధారం ఏమన్నా ఉందేమో అడగండి."

హోల్ట్ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

దొర నిలబడే చదివాడు. దగ్గుల లెక్క దగ్గరకొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. కాగితం రెండు చేతులతో పట్టుకున్నాడు. చించేస్తాడనుకున్నాడు హోల్ట్.

"దొంగ కాగితం," అన్నాడు క్రౌడర్ చటుక్కున. "వీళ్ళిద్దరూ కలిసి పుట్టించింది. పారేయండి."

"పారేస్తే మీ ఇష్టం దొరా," అన్నాడు హోల్ట్.  ఆదివారం నుంచీ తన చుట్టూ బిగుసుకుంటున్న ఉచ్చు ఎక్కడ ముడిపడిందో అతనికి ఇప్పుడు కనిపించింది. "అది దొంగ కాగితమైతే పాదిరిగారు శనివారం బతికున్నట్టే. అప్పుడు నా కౌలుకు తిరుగులేదు. నా కూతురికి ఆరేళ్ళు, పళ్ళు గట్టివి, డెబ్బై ఏళ్ళు బతుకుతుంది. అంతవరకూ ఆ పొలం మీది కాదు, మీ అబ్బాయిది కూడా కాదు. నిజం కాగితమైతే పొలం గురువారం రాత్రే మీకు వచ్చేసింది. కానీ అప్పుడు ఈమె ఎవర్నీ చంపలేదు. రెండిట్లో ఒకటి. సగం నిజమని రాయడానికి కుదరదు."

 డోర్కస్ "వద్దు నాయనా" అని గొణిగింది. క్రౌడర్ నోరు తెరిచాడు.

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు దొర అతనితో. కాగితం వెలుతురుకు పట్టి చూశాడు, కిందున్న సంతకం చూశాడు. "ఇది పికార్డ్ రాతే. నా గురించి ఇంత నీచంగా రాయగలవాడు ఈ దేశంలో ఇంకొకడు పుట్టలేదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు చేతితొడుగులు ఒక్కొక్క వేలే తీశాడు. "ఆ తాడు విప్పండి. గుమస్తా, రాయి. పాదిరి పికార్డ్ గురువారం రాత్రి క్షయతో మరణించెను. కాన్‌స్టేబులు హోల్ట్ ఇష్టపూర్వకంగా ఇచ్చిన వాంగ్మూలం."

హోల్ట్ తాడు విప్పాడు. ముడి బిగుసుకుపోయి రెండుసార్లు జారింది. డోర్కస్ చేతులు విడగానే అతని తల పట్టుకుని ఏడ్చింది. క్రౌడర్ విసురుగా తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

"హోల్ట్, ఇలా వచ్చి సంతకం చెయ్యి," అన్నాడు దొర. "మార్చి ఇరవై అయిదు, లేడీ డే పండగ నాటికి ఖాళీ చెయ్యాలి. పది రోజులుంది. విత్తనాలు చల్లింది చల్లినట్టే ఉండనీ."

గుమస్తా రాసిన కింద ఇంకో వరుస చేర్చి, కాగితం ఇటు తిప్పాడు. హోల్ట్ కలం పట్టుకుని, వేలు కింద పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదివాడు. గురువారం రాత్రినుండి దొరవారికి స్వాధీనమైన భూమి: వాగు పక్క గోధుమచేను, మెట్టు మీది గొర్రెల బీడు, వెనక గడ్డిమడి, ఇంటితో సహా మొత్తం పధ్నాలుగు ముప్పావు ఎకరాలు, ఆ పైన పదకొండు చదరపు గడలు.